ఆదివారం జోడీ

ఈ సంగతి రాసిపెట్టాలని ఈ ఎండాకాలం దాకా నాకు అనిపించలేదు. కరీంనగర్ గ్రంథాలయంలో పత్రికలు చదివే బల్ల దగ్గర ఒక మాట విన్నాను. అప్పటినుంచి మగ్గం మీద కూర్చున్నా మనసు కుదరడం లేదు, పుస్తకం పట్టుకున్నా ఒక్క పేజీ సాగడం లేదు. రాస్తే తప్ప ఇది నన్ను వదిలేలా లేదు.

ఆ రోజు పత్రికలో విదేశాల బాక్సింగ్ గురించి ఒక వ్యాసం వచ్చింది. పైకి వస్తున్న బాక్సర్ల వెనుక మేనేజర్లు ఉంటారట. ఎవరితో తలపడాలో, ఎవరి నీడ కూడా తొక్కకూడదో వాళ్లే నిర్ణయిస్తారట. వయసు మళ్లినవాళ్లతో, దెబ్బ తట్టుకోలేనివాళ్లతో పోటీలు కట్టి గెలుపులు పోగేస్తారట. నిజంగా ప్రమాదకరమైన మనిషి ఎదురయ్యే వేళకు ఏదో ఒక సాకు దొరుకుతుందట. బల్లకు అవతల కూర్చున్న రిటైర్డ్ పంతులు దాన్ని పైకి చదివి, కళ్లద్దాలు తీసి నా వైపు చూసి నవ్వాడు.

"గిది దేశంగాని దేశం ముచ్చట అనుకుంటున్నవా? మీ అన్న గెలిచింది గూడ గిట్లనే గదనయ్యా. గా బొగ్గుబాయి పైల్వాన్‌ను తప్పిచ్చుకొని తిరిగిండు, కడియాలు తొడుక్కున్నడు."

చుట్టూ ఉన్నవాళ్లు పత్రికల మీదినుంచి తలలెత్తి చూశారు. ఆయన అన్నదాంట్లో సగం నిజం. ఊరికి తెలిసింది ఆ సగమే. మిగతా సగం తాలీం గోడల లోపల జరిగింది. దాన్ని చూసినవాళ్లలో కాగితం మీద పెట్టగలిగినవాణ్ని నేనొక్కణ్నే.

నేను నైజాం కాలంలో నాలుగో తరగతి దాకా ఉర్దూలో చదివి మగ్గం గుంటలోకి దిగినవాణ్ని. తెలుగు అక్షరాలు పోలీస్ యాక్షన్ తర్వాత ఈ గ్రంథాలయంలోనే కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కొక్క వాక్యమే విప్పుకున్నాను. ఈ జిల్లాలో నా అంత చదివిన నేతగాడు ఇంకొకడు ఉన్నాడని ఎవరైనా చెబితే, బస్సెక్కి వెళ్లి కలిసి వస్తాను. కాబట్టి ఈ పని నాదే.

మా ఇంట్లో రెండు మగ్గాలు ఉండేవి. ఒకటి బాపుది, ఒకటి నాది. అన్నకు మగ్గం లేదు. మీసాలు రాకముందే అతను తాలీంలో చేరాడు. తాలీం అంటే కుస్తీ నేర్పే ఇల్లు. మాది కోట వైపు ఒక సందులో, తాటాకుల కప్పుతో, మధ్యలో మెత్తటి ఎర్రమట్టి గోదాతో ఉండేది. ఆ మట్టిలో నూనె, పసుపు, మజ్జిగ కలిపి రోజూ తవ్వి తిరగేసేవారు. అన్న చెవుల మడతల్లో ఎప్పుడూ ఆ ఎరుపు ఉండేది. అతని వంతు బట్ట నేనే నేసేవాణ్ని. అతను దండాలు, బైఠక్‌లు తీసి వచ్చి బాదంపప్పు నూరిన పాలు తాగుతుంటే బాపు మగ్గంలోంచే అనేవాడు:

"తాగు బిడ్డా, తాగు. నీ తమ్ముడు ఇంకో రెండు మూరలు నేస్తడు గని."

అన్న నవ్వి గ్లాసు కడిగి బోర్లించేవాడు. అతనికి కోపం తొందరగా వచ్చేది కాదు.

తాలీం నడిపే ఉస్తాద్ ముసలాయన, సన్నటి మనిషి. ఒకప్పుడు పెద్ద పైల్వానట. మేం చూసేసరికి చేతిలో తస్బీ అనే జపమాల, భుజం మీద గళ్ల రుమాలుతో గోదా అంచున కూర్చుని కళ్లతోనే నేర్పేవాడు. మా ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, చుట్టుపక్కల జాతరలన్నిటిలో అన్న పేరు వినిపించడం మొదలైంది. దాని వెనుక ఉస్తాద్ పనితనం ఎంత ఉందో నాకు తర్వాత తెలిసింది.

మా వైపు జాతర కుస్తీలు కొబ్బరికాయతో మొదలవుతాయి. చిన్నపిల్లలు కొబ్బరికాయ కోసం పడతారు. పొద్దు వాలేకొద్దీ పెద్దవాళ్లు దిగుతారు, చివరిది వెండి కడియం కుస్తీ. ఎవరితో ఎవరు పట్టాలన్నది ముందుగా రాసి ఉండదు. పైల్వాన్ గోదా చుట్టూ తిరుగుతాడు. ఇంకొకడు వచ్చి చెయ్యి కలిపితే అదే జోడీ. అందుకని ఉస్తాద్ జాతరకు ఒకరోజు ముందే వెళ్లేవాడు. చాయ్ హోటల్ ముందు బెంచీ మీద కూర్చుని వచ్చేపోయే పైల్వాన్ల నడక చూసేవాడు, చెవులు చూసేవాడు. ఫలానావాడు వద్దనుకుంటే అన్న కాలు బెణికేది.

నిజంగా అంతే. ఉస్తాద్ దగ్గరికి వచ్చి చెవిలో ఒక మాట చెప్పేవాడు, అన్న కుంటడం మొదలుపెట్టేవాడు. ఆ రెండేళ్లలో అతని కుడి మడమ బెణికినన్నిసార్లు ఏ మనిషి మడమ బెణికితే ఆ మనిషి ఇక నడవలేడు. ఇంటికి వచ్చాక కూడా అవ్వ ముందు, అంటే మా అమ్మ ముందు, కుంటాల్సి వచ్చేది. అవ్వ ఆముదం వెచ్చచేసి, మడమ ఒళ్లో పెట్టుకుని రుద్దేది. "గా ముసలోనికి దయ లేదు, కాలు పోయిందాక కుస్తీ పట్టిస్తడు" అని ఉస్తాద్‌ను తిట్టేది. అన్న పైకప్పు వైపు చూస్తూ ఉండేవాడు. నేను నవ్వు ఆపుకోలేక బయటికి పోయేవాణ్ని.

నవ్వడం ఆగిపోయింది గోదావరి ఒడ్డున, మంచిర్యాల దగ్గరి ఒక జాతరలో.

అక్కడ మేం మొదటిసారి ఆ బొగ్గుబాయి పైల్వాన్‌ను చూశాం. నస్పూర్ వైపునుంచి వచ్చాడు. గనిలో బొగ్గు తోడి తొట్లు నింపేవాడు. అతనికి ఉస్తాద్ లేడు, తాలీం లేదు. లంగోటి కట్టుకుని వచ్చి గోదా పక్కన ఒంటరిగా నిలబడ్డాడు. మెడ, భుజాలు ఒకే ముద్దలా ఉన్నాయి. దిగిన ముగ్గురిని, చెయ్యి కలిపినంతసేపట్లో, వెల్లకిలా పడేశాడు. వీపు మట్టికి తగలడాన్ని చిత్ అంటారు. చిత్ అయినవాళ్లు తమకేం జరిగిందో తెలియక కాసేపు ఆకాశం వైపు చూస్తూ పడుకున్నారు.

ఉస్తాద్ అన్న చెవిలో మాట చెప్పాడు. అన్న కుంటడం మొదలుపెట్టాడు.

ఆ మనిషి చూశాడు. ఎదురుగా వచ్చి అన్న కాలు వైపు ఒకసారి, మొహం వైపు ఒకసారి చూశాడు.

"ఏం పైల్వాన్, కాలు నొస్తుందా? ఏ కాలు? ఇందాక చాయ్ దుకాణం కాడ గీ కాలు మంచిగుండె గద."

జనం నవ్వారు. ఉస్తాద్ అడ్డం వచ్చి, "చల్, చల్, ఉస్తాద్ లేనోనితోని మా పోరడు పట్టడు" అన్నాడు. ఆ మనిషి మొహం మాడిపోయింది. ఉస్తాద్ లేనివాడు అనడం పైల్వాన్లలో చిన్న మాట కాదు. పెద్ద కుస్తీపోటీల్లో, దంగల్లో, ఎవరి శిష్యుడో చెప్పుకోలేనివాణ్ని గోదాలోకి రానివ్వరు. అతను రుమాలు దులుపుకుని జనంలో కలిసిపోయాడు.

ఆ రోజునుంచి అన్నకు నిలకడ పోయింది. తింటూ తింటూ లేచిపోయేవాడు. పడుకుంటే పొర్లేవాడు. పనేమీ లేకపోయినా బస్సుస్టాండు దాకా నడిచివెళ్లి, పెద్దపల్లి బస్సు వచ్చేదాకా నిలబడి, అందులోంచి దిగినవాళ్లను చూసి తిరిగి వచ్చేవాడు. ఎవరికోసం అని అడిగితే ఎవరికోసం కాదనేవాడు. ఇంకో జాతరలో కడియం గెలిచి వచ్చి, దాన్ని తీసి గూట్లో వేసి, నా మగ్గం పక్కన చతికిలబడ్డాడు.

"తమ్మీ, నేను పైల్వాన్‌నేనారా?"

"చేతికి కడియం ఉన్నది గద."

"గది గాదు అడిగేది. గా బొగ్గుబాయాయన ఉన్నంక నేనేంది? ఒక్కపారి జనం ముంగట ఆయనతోని చెయ్యి కలపాలె. పడితే పడ్డ. పడతనో పడనో తెల్వక పానం పోతుంది."

అప్పుడు నా దగ్గర మందు ఉందనుకున్నాను. గ్రంథాలయంలో ఒక ఉర్దూ పత్రికలో బాక్సింగ్ గురించి చదివి ఉన్నాను. సంగతి దాదాపు మొన్న పంతులు చదివిందే. దాన్ని అన్నకు పూసగుచ్చినట్టు చెప్పాను. ప్రపంచంలో అందరూ ఇలాగే చేస్తారని, పేరు మోసిన వీరుల్ని కూడా మొదట్లో ఇలాగే కాపాడుకుంటూ తెస్తారని, ఇందులో చిన్నతనం ఏమీ లేదని అన్నాను. చదువు ఇలాంటప్పుడే అక్కరకు వస్తుందని లోపల పొంగిపోతున్నాను. అన్న అంతా విన్నాడు.

"మరి గా బాక్సింగోళ్లకు నిద్ర వస్తదటనా? గది రాసిండ్రా పేపర్ల?"

అది రాయలేదు.

అన్న వెళ్లి ఉస్తాద్‌ను అడిగాడు, బొగ్గుబాయి మనిషితో కుస్తీ కావాలని. ఉస్తాద్ అతణ్ని బస్సుస్టాండు దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ వెనక పోయాను. అక్కడ టాంగాల వరసలో ఒక టాంగావాలాను చూపించాడు. నడివయసు మనిషి, ఒక భుజం కిందికి జారి ఉంది. ఉస్తాద్‌ను చూడగానే గుర్రం మూతికి గడ్డి సంచి కట్టే పని పెట్టుకుని మొహం తిప్పుకున్నాడు.

"వాడు నా శాగిర్దే, నేను నేర్పిన శిష్యుడే," అన్నాడు ఉస్తాద్. "నీకన్న మంచోడు. జల్దీ చేసిన. పెద్దోనితోని పట్టిచ్చిన. భుజం ఇరిగింది, అతికిచ్చినం. గని గోదా చూస్తె చాలు, చేతులు వణుకుతయ్. మళ్ల దిగలే. నేను ఒక్క పోరన్ని ఖరాబ్ చేసిన బేటా, రెండోవాన్ని చెయ్య."

అన్న తల వంచుకున్నాడు. అయినా దారిలో నాతో, "వణికితే వణికినయ్, ఆయనకైనా తన సంగతి తెలిసింది" అన్నాడు. ఉస్తాద్‌కు ఆ మాట వినపడిందనుకుంటాను. ఎందుకంటే ఆ తర్వాత ఆయన చేసిన పని మామూలు బుర్రకు తట్టేది కాదు.

ఒకరోజు పొద్దున ఉస్తాద్ మా ఇంటికి వచ్చి అవ్వను ఎర్రనూలు అడిగాడు. అవ్వ నా మగ్గం దగ్గరి కండెలోంచి తీసి, పేని ఇచ్చింది. ఎందుకని బాపు అడిగితే, "కొత్త శాగిర్ద్ వస్తుండు, గండా కట్టాలె" అన్నాడు. గండా అంటే ఉస్తాద్ శిష్యుడి ముంజేతికి కట్టే దారం. అది కట్టించుకున్నవాడు ఆ తాలీంకు కొడుకుతో సమానం. ఆ తాలీంలోని వాళ్లంతా అతనికి గురుభాయీలు. గురుభాయీలు జనం ముందు ఒకరితో ఒకరు కుస్తీ పట్టకూడదు. ఇది ఎవరూ దాటని కాయిదా.

ఆ కొత్త శిష్యుడు బొగ్గుబాయి పైల్వాన్.

ఉస్తాదే నస్పూర్ వెళ్లి అతణ్ని పిలుచుకు వచ్చాడు. తాలీంలో బెల్లం పంచారు, తలకు కొత్త రుమాలు చుట్టారు, మా ఎర్రనూలు ముంజేతికి కట్టారు. ఇక ఏ దంగల్లోనైనా అతను తన ఉస్తాద్ పేరు చెప్పుకోవచ్చు. ఏ దంగల్లోనూ మా అన్నతో పట్టడానికి వీల్లేదు. ఒక్క ముడితో రెండు పనులు. ఆ మధ్యాహ్నం బాపు మగ్గం ఆపి మరీ నవ్వాడు.

"మన నూలుతోనే కట్టేసిండురా పులిని! మీ ఉస్తాద్ మగ్గం నేర్చుకుంటె మనకు బువ్వ పుట్టకపోవు."

అన్న నవ్వలేదు. ఆ మనిషి మాత్రం బెల్లంముక్క నోట్లో వేసుకుని అన్న దగ్గరికి వచ్చాడు.

"ఎందుకు కట్టిండో నాకెరుకనే భాయ్. నేను గడ్డి తింటలేను. గని నాకు ఉస్తాద్ గావాలె. నువ్వు నాతోని పడకుంట తప్పిచ్చుకున్నవ్, నేను ఎవనోడివిరా అని అడిపిచ్చుకునుడు తప్పిచ్చుకున్న. బరాబర్."

"నేను తప్పిచ్చుకోలే," అన్నాడు అన్న.

"అట్లనా? అయితె ఐతారం వస్త. గోదాల చూసుకుందం."

ఉస్తాద్ లెక్కలో ఒక సందు ఉండిపోయింది. అది ఆయన మరిచిపోయాడో, కావాలనే వదిలాడో, ఈనాటికీ నేను తేల్చుకోలేకపోతున్నాను. గురుభాయీలు జనం ముందు పట్టకూడదు గాని తాలీం లోపల రోజూ పట్టవచ్చు, పట్టాలి కూడా. దాన్ని కుస్తీ అనరు, జోర్ అంటారు. జోర్‌లో గెలుపు లేదు, ఓటమి లేదు. చిత్ అయినా లేచి మళ్లీ పట్టాలి. ఉస్తాద్ చప్పట్లు కొడితేనే ఆగాలి.

బొగ్గుబాయికి ఆదివారం సెలవు. అతను శనివారం షిఫ్టు దిగి, మంచిర్యాలలో ప్యాసింజర్ ఎక్కి, పెద్దపల్లిలో దిగి బస్సు పట్టుకుని వచ్చేవాడు. ఆదివారం పొద్దున తాలీం తలుపులు వేసేవారు. నేను మట్టి తవ్వే పని మీద లోపల ఉండేవాణ్ని. నేను చూసింది ఇది: మా అన్న, ఈ చుట్టుపక్కల ఎవరూ పడగొట్టలేని మనిషి, ప్రతి ఆదివారం వెల్లకిలా పడేవాడు. లేచేవాడు, మళ్లీ పడేవాడు. ఒకసారి ఊపిరి అందక గోడకు ఆనుకుని కూర్చుంటే ఆ మనిషే నీళ్లు తాగించి, "ఏమాయె, మడమ బెణికిందా?" అని అడిగాడు. ఊపిరి అందనివాడు కాస్తా నవ్వాడు. ఆ నవ్వుకు దగ్గు వచ్చింది.

సోమవారం ఒళ్లంతా నొప్పులతో ఇంట్లో తిరిగేవాడు. మంగళవారానికల్లా మళ్లీ ఆదివారం గురించి మాట్లాడేవాడు. నేను మగ్గం మీద ఉంటే ఎదురుగా నిలబడి పట్లు చూపించేవాడు.

"ఎత్తేసేముందు ఆయన ఎడమ మడమ జర లేస్తది తమ్మీ. జరంతనే. అప్పుడు నేను కిందికి జారాలె. నాకు ఎరుకయితుంది, ఒళ్లుకు ఎరుకయితలేదు."

జాతరల్లో మాత్రం అన్నను చూస్తుంటే నాకే ఆశ్చర్యం వేసేది. ఇదివరకు చెమటోడ్చి గెలిచే జోడీలను ఇప్పుడు కూర్చోబెట్టినంత సులువుగా పడేస్తున్నాడు. ఉస్తాద్ ఇక అతని చెవిలో మాట చెప్పడం మానేశాడు. మడమ బెణకడం ఆగిపోయింది. తన ఆముదమే పనిచేసిందని అవ్వ అమ్మలక్కలకు చెప్పుకుంది. కాని అన్న మొహంలో ఆ వెతుకులాట పోలేదు, పెరిగింది. గెలిచి వచ్చి కడియం గూట్లో విసిరేసేవాడు. "ఆదివారం నన్ను చూసినోడు ఒక్కడుంటే, గీ చప్పట్లు కొడతడా?" అనేవాడు.

ఆ శివరాత్రికి వేములవాడ పోయాం. జాతర ఒక పక్క, ఊరి బయట కోసిన పొలంలో కుస్తీలు ఒక పక్క. కోడెమొక్కులు చెల్లించుకుని వచ్చిన జనం ఎండలో గొంగళ్లు నెత్తిన వేసుకుని గోదా చుట్టూ కూర్చున్నారు. నేను ఉస్తాద్ వెనుక నిలబడ్డాను. బొగ్గుబాయి మనిషి కూడా వచ్చాడు. తన కుస్తీ పొద్దున్నే గెలిచి, ఉస్తాద్ రుమాలు భుజాన వేసుకుని మా పక్కన కూర్చున్నాడు.

కడియం కుస్తీ దాకా అన్న ఇద్దర్ని పడేశాడు. ఆఖరికి కడియాన్ని పళ్లెంలో పెట్టి, డప్పు కొడుతూ గోదా చుట్టూ తిప్పారు. మూడు చుట్లు తిరిగేలోగా జోడీ రాకపోతే కడియం అన్నదే. మొదటి చుట్టులో ఎవరూ లేవలేదు. రెండో చుట్టులో జనంలోంచి ఒక గొంతు లేచింది.

"జోడీ లేకేందిరా, ఆయన పక్కన్నే కూసున్నడు! లేపుండ్రి బొగ్గుబాయాయన్ను!"

"వాళ్లు ఒక్క ఇంటోళ్లు, పట్టరు," అన్నారు ఎవరో.

"పట్టకుంట ఇంట్ల దెచ్చుకున్నరు! మస్తు తెలివి!"

నవ్వులు గోదా చుట్టూ పరుగెత్తాయి. డప్పు మూడో చుట్టు మొదలుపెట్టబోతుంటే అన్న చెయ్యెత్తి ఆపాడు. మట్టికాళ్లతో వచ్చి ఉస్తాద్ పాదాలు ముట్టాడు.

"ఉస్తాద్, జోర్ చేస్త."

"ఏంది? ఈడనా?"

"గీడనే. ఆదివారం లెక్క."

"పాగల్ అయినవా? గింతమంది ముంగటనా?"

"గురుభాయీలు కుస్తీ పట్టద్దన్నరు. జోర్‌కు అడ్డం లేదు. మీరే చెప్పిండ్రు."

"జోర్ తాలీంల చేస్తరు. ఏవి మరి తలుపులు?"

"తలుపులు ఉన్నందుకే నాకు నిద్ర పడతలేదు ఉస్తాద్."

ఉస్తాద్ తస్బీ తిప్పడం ఆపేశాడు. బొగ్గుబాయి మనిషి వైపు చూశాడు. అతను కూర్చున్నచోటునుంచి కదలకుండా, "మీరు ఊ అంటే దిగుత, ఊహూ అంటే దిగ. నాకు దారం ముఖ్యం" అన్నాడు. ఉస్తాద్ చాలాసేపు అన్న మొహం చూశాడు. టాంగావాలా మొహం అందులో ఉందేమోనని వెతికినట్టు చూశాడు. తర్వాత తస్బీ జేబులో పెట్టుకుని గోదా అంచుకు జరిగి, రెండు అరచేతులు పైకెత్తి, ఎడంగా పట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతులు కలిస్తేనే ఆగాలి.

ఇద్దరూ దిగారు. మొదటి పట్టులోనే అన్న వెల్లకిలా పడ్డాడు. జనం ఒక్కసారి లేచి అరిచారు. డప్పువాడు గెలుపు దరువు మొదలుపెట్టాడు. కాని గోదాలో ఇద్దరూ లేచి మళ్లీ చేతులు కలిపారు. దరువు మధ్యలో ఆగిపోయింది. ఇదేం కుస్తీ అని జనం ఒకరినొకరు అడిగారు. అన్న మళ్లీ పడ్డాడు. ఈసారి అరుపు తక్కువ. నేను ఉస్తాద్ చేతుల వైపు చూస్తున్నాను. అవి కలవడం లేదు. కొట్టండి ఉస్తాద్, కొట్టి ఆపండి అని నా లోపల ఒకడు అరుస్తున్నాడు. కొట్టకండి అని ఇంకొకడు.

మూడోసారి చాలాసేపు మెడలు పట్టుకుని తిరిగారు. అప్పుడు చూశాను. ఆ మనిషి ఎడమ మడమ మట్టిలోంచి లేచింది, జరంతనే. అన్న కిందికి జారాడు. చేప జారినట్టు జారి, అతని వెనుకకు వచ్చి, నడుము పట్టి మోకాళ్ల మీదికి దించాడు. ఇక తిప్పి పడేయడమే మిగిలింది. తిప్పలేకపోయాడు. ఆ మనిషి కొండరాయిలా అతుక్కుని ఉన్నాడు. ఇద్దరి వీపుల మీద చెమట మట్టిలో కాలువలు కడుతోంది. ఒకరు కదలరు, ఇంకొకరు కదలనివ్వరు. ఉస్తాద్ చప్పట్లు కొట్టాడు.

కడియం ఎవరికివ్వాలో జాతర పెద్దలకు పాలుపోలేదు. ఉస్తాద్ లేచి, "జోడీ రాలే, కుస్తీ ఎప్పుడో అయింది. గిది మా ఇంటి ముచ్చట. కడియం కుస్తీది" అన్నాడు. అన్న చెయ్యి చాచి తొడుక్కున్నాడు. సిగ్గుపడలేదు, గర్వపడనూ లేదు. దాహమైనవాడు గ్లాసు అందుకున్నట్టు అందుకున్నాడు. జనంలో కొందరు ఈలలు వేశారు. "పడ్డోనికి కడియం!" అని కొందరు వెక్కిరించారు. పంతులు విన్నది ఆ వెక్కిరింతే అయి ఉంటుంది.

చెట్టు కింద మూటలు కట్టుకుంటుంటే ఉస్తాద్ బొగ్గుబాయి మనిషిని పిలిచాడు.

"చెయ్యి ఇటియ్యి. ముడి ఇప్పుత. వచ్చే ఏడు నీకు ఇంకో ఉస్తాద్‌ను చూస్త. మీ ఇద్దరు జనం ముంగట అసలు కుస్తీ పట్టుండ్రి."

ఆ మనిషి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"వాహ్ ఉస్తాద్! మీరే కడతరు, మీరే ఇప్పుతరా? ఆయన పరేషాని తీరనీకి నా దారం తెంపుతరా? నాకొద్దు."

ఉస్తాద్ అన్న వైపు చూశాడు. నేనూ చూశాను. అన్న అడిగింది ఇప్పుడు అడగకుండానే దొరుకుతోంది.

"వద్దు ఉస్తాద్," అన్నాడు అన్న. "ఉండనియ్యుండ్రి. జనం చూసిండ్రు గద. నాకు తెలిసింది."

తిరుగు బస్సులో అన్న నా భుజం మీద తల పెట్టి, కరీంనగర్ వచ్చేదాకా నిద్రపోయాడు. అతని చెవిలోంచి ఎండిన మట్టి పెళ్లలు రాలి నా చొక్కా మీద పడుతుంటే దులుపుకోకుండా కూర్చున్నాను. అతని అశాంతి దిగిపోయి నాకు ఎక్కింది. అసలు కుస్తీ జరిగి ఉంటే ఎవరు గెలిచేవారు? ఇంకొక్క ఊపిరి సమయం ఇస్తే తిప్పేవాడా? ఉస్తాద్ చేతులు కలిపింది ఎవరిని కాపాడటానికి?

ఆ తర్వాత నేను గ్రంథాలయంలో దొరికినంత చదివాను. బాక్సర్లకు కూడా తాలీం లాంటి ఇళ్లు ఉంటాయని, అక్కడ పేరు లేని మనుషులు రోజూ వాళ్లతో తలపడి దెబ్బలు కొడుతుంటారని, వాళ్లలో కొందరు వీరులకన్నా గట్టివాళ్లని తెలిసింది. పంతులు చదివిన వ్యాసం రాసినాయన ఆ తలుపుల లోపలికి పోలేదు. పైకి వచ్చేవాళ్లు మొదట్లో ప్రమాదకరమైన మనిషిని తప్పించుకుంటారా అంటే, తప్పించుకుంటారనే చెప్తాను. మా అన్నను తప్పించారు. తప్పించినవాణ్నే తెచ్చి వారం వారం అతని మీద వేశారు. ఈ రెండూ కలిపి చెప్పకపోతే లెక్క తప్పుతుంది. ఏది ఎంతవరకు అన్నది మాత్రం నాకింకా అంతుపట్టలేదు.

ఉస్తాద్ పోయి కొన్నేళ్లయింది. తాలీం అన్న చూసుకుంటున్నాడు. నస్పూర్ భాయి ముంజేతి దారం మాసిపోయి నల్లబడినా ఆదివారం బస్సు దిగుతూనే ఉంది. మొన్న ఒక జాతరలో అన్న కొత్త శిష్యుడొకడు, చాలా మంచి పట్టున్నవాడు, ఒక భారీ మనిషిని చూసి చెయ్యి కలపబోయాడు. అన్న వెళ్లి వాడి చెవిలో ఏదో చెప్పాడు. వాడు కుంటుకుంటూ వచ్చాడు.

"వాని కాలు బెణికింది తమ్మీ," అన్నాడు అన్న నాతో, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా. తర్వాత ఆ భారీ మనిషి దగ్గరికి పోయి, ఏ ఊరని, ఆదివారం తీరికేనా అని అడుగుతున్నాడు.

పేర్లు రాయవద్దని అన్న షరతు పెట్టాడు కాబట్టి, పేర్లు లేకుండానే దండాలు పెడుతున్నాను. నాకు పట్లన్నీ మళ్లీ చూపించి, రాసింది వినిపిస్తే రెండుచోట్ల సరిదిద్దిన అన్నకు. అన్నను పడేసిన సంగతే కాదు, తాను ఒక్కసారి మోకాళ్ల మీదికి దిగిన సంగతి కూడా దాచవద్దని చెప్పిన నస్పూర్ భాయికి. తన గురించి రాయడానికి ఒప్పుకున్న టాంగా అన్నకు. పాత పత్రికల కట్టలు దుమ్ము దులిపి ఇచ్చిన గ్రంథాలయం సారుకు. మా ఉస్తాద్‌కు, ఆయన ఎక్కడున్నా. ఆ మాట అనకపోతే ఇది రాసేవాణ్ని కాదు గనుక పంతులుగారికి కూడా.

ఇక అవ్వకు. ఆమెకు చదువు రాదు. ఏం రాశావో చదివి వినిపించమని రోజూ అడుగుతోంది. ఆ ఆముదం దగ్గరికి వచ్చేసరికి ఏం చేయాలో నాకింకా తోచడం లేదు.